ఏసుదానం కొక్కెం కాటా

లోకంలో ఏసుదానం నమ్మనిది ఒక్కటే, ఎదుటివాడి కాటా. గజపతినగరం బజారుకు సంచీ మరిచిపోయి వెళ్ళిన రోజులున్నాయి గానీ, తన కొక్కెం కాటా మరిచిపోయి వెళ్ళిన రోజు లేదు. కొన్నదాన్నల్లా కొట్టు ముందే కొక్కేనికి తగిలించి మళ్ళీ తూచేవాడు. దొంగ తూకం దేవుడికి గిట్టదని బైబిల్ మాట ఒకటి ఉచితంగా తగిలించేవాడు.

పక్కనున్న భార్య ఎలీసమ్మకు తల కొట్టేసినట్టయ్యేది. మనవరాలు పుట్టినప్పుడు నర్సు బరువు చెబితే, "గుడ్డ బరువు తీసీసి సెప్పమ్మా" అన్నాడు మహానుభావుడు!

మొన్న మొదటిసారి కూరగాయల కొట్టు దేముడమ్మ దగ్గర కిలో వంకాయలు కొన్నాడు. వీధంతా ఆమె దగ్గరే కొంటుంది. "దేముడమ్మ చెయ్యి మంచిది" అని మెచ్చుకుంటుంది కూడా. ఆమెకు మాత్రం ఎంతమ్మినా ఏమీ మిగలడం లేదు. దిష్టేమోనని నిమ్మకాయలు కట్టింది. అవీ పనిచేయక, కొట్టు ఎత్తేసి కూలికి పోదామనుకుంటోంది పాపం.

ఏసుదానం వంకాయలు తూచాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తూచాడు.

"దేముడమ్మా! నీది దొంగ కాటా!"

ఎలీసమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. దేముడమ్మ నడుం బిగించి లేచింది.

"ఏటి మావా, నాను దొంగదాన్నా? ఎంత తగ్గినాదో సెప్పు!"

"తగ్గనేదే! వంద గ్రాములు ఎక్కువొచ్చినాది. నీ కాటా నిన్నే దోసీస్తన్నాది!"

వెనక నుంచి మెల్లగా జారుకోబోతున్న అదే వీధి గిరిబాబు సంచీని కొక్కెం పట్టుకుంది. అతని టమాటాలూ ఎక్కువే.

"నీకు తెల్దేటి?" నిలదీశాడు ఏసుదానం.

"ఆవిడ సెయ్యి మంచిదనీ..." గొణిగాడు గిరిబాబు.

తక్కువొస్తే వీధికెక్కేవాళ్ళంతా ఎక్కువొస్తే గుట్టుగా వంటింట్లోకి పోయారన్నమాట.

"ఇన్నాళ్ళూ తగ్గిందేమో అని కదేటి తూసీవోరు?" అంది ఎలీసమ్మ, కొంగు దించి.

"ఎక్కువేమో అని కూడా సూసీవోడినే. ఏ కాటా ఆ సిక్కు తేనేదు! ఎక్కువొచ్చింది ఉంచీసుకుంటే ఆల్ల కూడు తిన్నట్టు కాదేటే?"

ఎలీసమ్మకు నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది.

మర్నాడు ఏసుదానమే దగ్గరుండి ఆ కాటా బాగుచేయించాడు. గిరిబాబు బేరమాడకుండా కొనడం వీధి తొలిసారి చూసింది. దేముడమ్మ కొట్టు ఎత్తేసే మాట మళ్ళీ ఎత్తలేదు. ఏసుదానం సంచీలో గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేసింది. ఆయన చెయ్యి కొక్కెం మీదికి పోయింది.

"కొసరు తూసకు మావా!"

"బైబిల్లో కొసరు మాటేటీ నేదు మరి..." నసిగాడు ఏసుదానం.

"ఉన్నాది," అంటూ ఎలీసమ్మ కాటా లాక్కుంది. "అణిసి, కుదిపి, పొర్లిపోయీలాగ కొలవమన్నాది కూడా ఆ పుస్తకవే. పట్టండి సంచి!"