మొదటి తాంబూలం కోసం పెనుకొండ దాకా

మా పులగంపల్లి వారి ఇళ్లలో ఏ శుభకార్యం జరిగినా మొదటి తాంబూలం పెద్ద శాఖకు, రెండోది చిన్న శాఖకు ఇస్తారు. ఎన్నో తరాల కిందట విడిపోయిన ఈ రెండు శాఖల్లో పెద్దది ఏదన్నదే తగాదా. నా లెక్కన మాది. మా దాయాది ఓబుళరెడ్డి లెక్కన వాళ్లది. నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ ఏడు, తిమ్మారెడ్డి చిన్నాయన మనవరాలి నిశ్చితార్థంలో మొదటి తాంబూలం ఓబుళరెడ్డి చేతిలో పడింది. నాకు వచ్చిన రెండో దాంట్లో వక్క పుచ్చిపోయి ఉంది. ఆ వక్కను నేను పారేయలేదు. కాగితంలో చుట్టి పెట్టెలో దాచాను.

పదిమందిలో లేచి అడిగాను. చిన్నాయన మా అందరికీ పెద్ద. ఆయన ఒక మాట అంటే దాని మీద ఇంకో మాట ఉండదు.

"ఏమప్పా హనుమంతూ, ప్రతి పెండ్లిలోనూ నీతో ఇదే గోల. మీ శాఖ పెద్దదని సర్కారు కాగితం తెచ్చి చూపు. ధర్మవరంలో పెండ్లినాడు మొదటి తాంబూలం నీకే ఇస్తా. తేలేదంటే బతికినన్నాళ్లు ఈ మాట ఎత్తగూడదు. సరేనా?"

సరేనన్నాను. ఓబుళరెడ్డి మీసాల చాటున నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు జ్ఞాపకం ఉంది.

పెండ్లి గురువారం. నేను సోమవారం తెల్లవారుజామున ఐదు గంటలకే ఊరి నుంచి నడిచి రోడ్డు మీదికి చేరాను. ఆరు గంటల బస్సు ఏడుంబావుకు వచ్చింది. అందరికన్నా ముందు నిలబడ్డవాణ్ణి నేను. ముందు సీట్లో మాత్రం చెనక్కాయల మూటలు కూర్చుని ఉన్నాయి. మూటలు దించమని కండక్టరును అడిగాను.

"మూట దించితే మళ్లా నేనే ఎత్తల్ల. నువ్వయితే నీ కాళ్లతో నువ్వే వెనక్కి పోతావు గదా!" అన్నాడు.

వెనకే కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు హిందూపురం చేరాం. బెల్లం మండీల వైపు నుంచి వచ్చే వాసన పీలుస్తూ ఒక హోటల్లో ఉగ్గాని తిన్నాను. నాకు రెండు బజ్జీలు పెట్టారు, పక్క బల్ల మీది మనిషికి మూడు. అడిగితే ఆయన రోజూ వచ్చేవాడట. అప్పుడప్పుడు వచ్చేవాడికి ఆకలి తక్కువగా ఉంటుందని వాళ్ల ఉద్దేశం కాబోలు.

తాలూకా కచేరీ పదిన్నరకు తెరిచారు. గుమాస్తా ఒక మాట తెలుగులో, ఒక మాట కన్నడంలో మాట్లాడే మనిషి. ఓపిక ఉన్నవాడే. స్టాంపు అంటించిన అర్జీ తీసుకుని ఇంటిపేరు అడిగాడు. పులగంపల్లి అని చెప్పాను. ఒక రిజిస్టరు తీశాడు. మా నాయన పేరు ఉంది. దాని ముందుది తీశాడు. మా తాత పేరు, ఆయన నాయన పేరు ఉన్నాయి. అన్నింటికన్నా పాతది తీసి, మధ్యాహ్నం దాకా తిరగేసి మూసేశాడు.

"దీంట్లో పులగంపల్లోళ్లు ఒక్కరూ లేరప్పా."

"లేకుండా యాడికి పోతారు? భూమి మాది!"

"భూమి ఉండాది. అదే సర్వే నంబరు, అదే బావి. పేరు మాత్రం చౌడమ్మ అని ఉండాది. బావి దశబంధం ఇనాం."

సొంత ఖర్చుతో బావి గానీ చెరువు గానీ తవ్వించినవారికి శిస్తు తగ్గించి ఇచ్చిన భూమిని దశబంధం ఇనాం అంటారు. ఆ సంగతి నాకూ తెలుసు.

"మా వంశంలో చౌడమ్మ అనే ఆమె ఎవరూ లేరు," అన్నాను.

"ఆ మాట ఆమెకు చెప్పల్ల, నాకు చెప్తే ఎట్ల?" అని, దీనికన్నా పాత దస్తాలు పెనుకొండ రికార్డు గదిలో ఉంటాయని దారి చెప్పాడు.

ఇలాంటి పని మీద పోయేవారికి ఒక మాట. ఇంటిపేరు పట్టుకుని వెతకవద్దు, సర్వే నంబరు పట్టుకుని వెతకండి. ఇది తెలియక నాకు ఒక పూట వృథా అయింది. నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి సత్రంలో పడుకుని మంగళవారం ఉదయం ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండలో దిగి జట్కా మాట్లాడుకున్నాను. ఎదురుగా కొండ, కొండ మీద కోట గోడలు. ఆ ఎక్కుడు దారిలో గుర్రం మూడుసార్లు ఆగింది. మూడోసారి జట్కావాడు నన్ను దిగి నడవమన్నాడు. బాడుగ మాత్రం కూర్చున్నవాడిదే తీసుకున్నాడు.

రికార్డు గదిలో ఉన్నాయన బక్కపలచని పెద్దమనిషి. కళ్లద్దాలకు ఒకవైపు కాడ బదులు దారం. సర్వే నంబరు చూసి లోపలికి పోయి, ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చాడు. విప్పితే ఎండిన వేపాకు రాలింది. కుంఫిణీ కాలంలో చౌడమ్మ చెప్పగా రాసుకున్న రాత. మాటకూ మాటకూ మధ్య సందు లేదు. గీత మీద గీతగా అల్లుకుపోయింది.

"ఇది కంటితో చదివితే తెలీదప్పా. గొంతెత్తి చదివితేనే మాటలు విడిపోతాయి," అని ఆయన హరికథ చెప్పినట్టు రాగం తీస్తూ మొదలుపెట్టాడు. ఎక్కడ మాట తెగిందో దొరకనప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ అందుకునేవాడు. అలా తేలిన సంగతి ఇది.

చౌడమ్మ తన తండ్రికి ఒక్కతే కూతురు. కొడుకులు లేని ఆ తండ్రి, పులగంపల్లి నుంచి పెద్దన్న అనేవాణ్ణి ఇల్లటం అల్లుడుగా తెచ్చుకున్నాడు. ఇల్లటం వచ్చినవాడికి ఆ ఇంట్లో కొడుకుతో సమానంగా భూమి వస్తుంది. ఇల్లు మారుతుంది గానీ ఇంటిపేరు మారదు. పాత రిజిస్టరులో మా ఇంటిపేరు ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. భూమి ఆమెది. మేము పెట్టె పట్టుకుని వచ్చిన అల్లుడి సంతతి. తలెత్తుకుని తిరిగే మా వంశానికి ఇదీ పునాది.

"ఇంక పిల్లల పేర్లు చదవండి సామీ," అన్నాను.

ఆయన మళ్లీ రాగం అందుకున్నాడు. "కూతురు లక్ష్మమ్మ, వయస్సు పదిహేను. కొడుకు ఓబుళు, వయస్సు పన్నెండు. కొడుకు హనుమడు, వయస్సు తొమ్మిది."

మా ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు. అలా దిగివచ్చిన పేరే నాది. ఓబుళరెడ్డిదీ అంతే. తొమ్మిదేళ్ల హనుమడు మావాడు. మూడేళ్లు పెద్దవాడు వాళ్లవాడు. మా తగాదా చెప్పి ఇంకోసారి చదవమన్నాను. రెండోసారి కూడా పన్నెండే వచ్చింది.

"మీ ఇద్దరు తాతల కన్నా ఆడబిడ్డ పెద్దది," అని ఆయన చివరి వాక్యం కూడా చదివాడు. "బావి పూడిక ఏటేటా ముగ్గురి ఇంటివారూ తామే దిగి తీయవలెను. పెత్తనం పెద్దదైన లక్ష్మమ్మ సంతతివారిది."

నకలు కావాలంటే మర్నాడు సాయంత్రం దాకా ఆగాలన్నాడు. నేను గొంతు తగ్గించి, వయసులు ఉన్న ముక్క వదిలేసి మిగిలింది రాయడానికి వీలవుతుందా అని అడిగాను.

"నకలంటే నకలేనప్పా. చౌడమ్మ చెప్పిందంతా నీ వెంట రావల్సిందే," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అయినా గుచ్చుకుంది.

బుధవారమంతా కోట గోడల నీడలో తిరిగాను. చూడదగిన చోటే. నాకు చూసే మనసు లేదు. సాయంత్రం నాలుగింటికి ముద్ర వేసిన నకలు చేతికి వచ్చింది. దాన్ని చూపిస్తే ఓడిపోతాను. చూపించకపోతే జీవితాంతం నోరు మూసుకోవాలి.

గురువారం ఉదయం ధర్మవరం బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ మొత్తం ఆ వైపే ఉంది. ఎదురుగా కూర్చున్నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. చీర ఇచ్చి ఊరికి తిరిగిపోతున్నాడు.

"యాడికి పోతాండావన్నా?"

"పెండ్లికి."

"పెండ్లికి పోయే మొగమా ఇది!"

దానితో కథంతా చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"రెండో తాంబూలంలో ఆకులు తక్కువ పెడతారా?"

"లేదు, సమానమే."

"అరటిపండు?"

"అదీ ఒక్కటే."

"మరింకేందన్నా?"

"మీకు అర్థం కాదు," అన్నాను.

ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఒగటి మాత్రం అర్థమయింది. ఆ కాగితం ప్రకారం నీకూ రాదు. నీ దాయాదికీ రాదు గదా!" అన్నాడు.

నేను నకలు తీసి మళ్లీ చదువుకున్నాను. పెద్దదైన లక్ష్మమ్మ సంతతి. మా ఊళ్లో తరం విడిచి తరం ఆ పేరు పెట్టుకునే ఇల్లు ఒక్కటే ఉంది. బావి గట్టు మీద ఉండే లచ్చుమవ్వ ఇల్లు. డెబ్బై ఏళ్ల ముత్తైదువ. ఇంటాయన మేకలు కాస్తాడు. మా పెండ్లిళ్లలో ఆమె చివరి పంక్తిలో కూర్చుంటుంది. ఈ పెండ్లికీ వస్తుంది. స్టేషను వచ్చేసరికి నా మొహం తేటపడింది. నేత మనిషి సంచీ పట్టుకుని నాకన్నా ముందు దిగిపోయాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ముహూర్తం పదిన్నరకు. తలంబ్రాలు అయ్యాక చిన్నాయన తాంబూలాల పళ్లెం ముందు కూర్చున్నాడు. ఓబుళరెడ్డి అప్పటికే చేయి చాచి ఉన్నాడు.

"ఏమప్పా హనుమంతూ, కాగితం యాడ?"

ఇచ్చాను. చిన్నాయన గట్టిగా చదివాడు. ఇల్లటం మాట రాగానే గుసగుసలు ఆగిపోయాయి. ఓబుళు పన్నెండు అన్నప్పుడు ఓబుళరెడ్డి నన్ను చూసి మీసం దువ్వాడు. చిన్నాయన ఆఖరి వాక్యానికి వచ్చేటప్పటికి ఆ చేయి మీసం మీదే ఆగిపోయింది. ఆ పేరు ఎవరింట్లో ఉందో నేనే చెప్పాను.

"లచ్చుమవ్వా, ఇట్ల రా," అని చిన్నాయన పిలిచాడు. ఆమె చివరి నుంచి తీరిగ్గా నడిచి వచ్చింది. "చౌడమ్మ పెద్దకూతురి సంతు మీరంట. నీకు తెలుసునా?"

"తెలీకేమప్పా? మా అవ్వ రోజూ చెప్పేది."

"మరి ఇన్నేండ్లూ చెప్పలేదేమి?"

"నన్ను అడిగినోడు యాడుండాడు? వీళ్లిద్దరూ గొంతులు చించుకుంటాంటే నా గొంతు ఎవరికి ఇనపడతాది!"

నాలుగు రోజులు రెండు ఊళ్లు తిరిగి నేను సంపాదించిన సంగతి మా ఊరి బావి గట్టు మీదే ఉంది. అడగాలని నాకు తోచకపోవడంలో నా తప్పు ఉందని నేను అనుకోను. ఆమె అయినా చెప్పి ఉండవచ్చు.

మొదటి తాంబూలం లచ్చుమవ్వ తీసుకుంది. అక్కడే నిలబడి ఆకుకు సున్నం రాసి, మడిచి నోట్లో పెట్టుకుంది. ఓబుళరెడ్డి మొహం చూడటానికి నేను పెనుకొండ కొండ ఇంకోసారి నడిచి ఎక్కమన్నా ఎక్కుతాను. రెండోది అతనికిచ్చారు. నేను చేయి చాచాను.

"మూడోది నీది," అన్నాడు చిన్నాయన. "కాగితం నువ్వు తెచ్చిందేనప్పా."

తీసుకున్నాను. వక్క చూసుకున్నాను. బాగానే ఉంది. విందులో పూర్ణం పెట్టిన ఓళిగలు మెత్తగా ఉన్నాయి, నెయ్యి మాత్రం మా పంక్తికి వచ్చేసరికి గిన్నె అడుగంటింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర ప్యాసింజరుకు తిరుగు ప్రయాణం. ఒకే పెట్టెలో ఒకే బల్ల మీద నేను, ఓబుళరెడ్డి. ఎదురుగా లచ్చుమవ్వ. పెనుకొండ దాటింది. ఆమె బొరుగులు తింటూ అడిగింది.

"ఓబుళూ, ఆ కాగితంలో పూడిక గురించి ఏముందో ఇంగొగసారి చదువప్పా."

నేను నకలు అందించాను. అతను చదివాడు. ఏటేటా ముగ్గురి ఇంటివారూ తామే దిగి తీయవలెను.

"ఇన్ని తరాలుగా మా ఇంటోళ్లే తీస్తాండాం. నీళ్లు మీ రెండిండ్ల చేన్లకు పోతాండాయి. పెత్తనం నాదేనని నిన్న పదిమందిలో చదివినారు గదా. ఈ ఎండాకాలం మీరిద్దరూ దిగల్ల. కూలోళ్లను పంపితే ఒప్పుకునేది లేదు. తామే అని ఉండాది."

ఆ బావి నాకు తెలుసు. నడుములోతు బురద. ముందు దిగినవాడు రాళ్ల సందుల్లో పాములున్నాయేమో కర్రతో తట్టి చూడాలి. వెనక దిగినవాడు గంప అందిస్తే చాలు.

ఓబుళరెడ్డి నా వైపు జరిగాడు. యాభై ఏళ్లలో అతను నన్ను అన్నా అని పిలవడం అదే మొదలు.

"హనుమంతన్నా, మీది పెద్ద శాఖేమోనని నాకు మొదట్నుంచీ అనుమానమే. రాసినోడు వయసులు తారుమారు చేసింటాడు. బావిలోకి ముందు నువ్వు దిగడమే మర్యాద."

నేను నకలు అతని చేతిలోంచి తీసుకుని, ముద్ర చూపించి, వేలితో గీత వెంట చదివాను. "ఓబుళు, వయస్సు పన్నెండు. సర్కారు కాగితం. మీదే పెద్దది."

"అట్లంటే ఎట్లన్నా..."

"తమ్ముణ్ణి పట్టుకుని అన్నా అంటావేమి?"

లచ్చుమవ్వ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కణ్ణించి హిందూపురం దాకా అతను నన్ను పెద్దవాణ్ణి చేస్తూనే వచ్చాడు. నేను ఆధారాలతో కాదంటూ వచ్చాను. పోయిన పని చెడిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. నాకు మాత్రం అంత హాయిగా జరిగిన ప్రయాణం ఇంకొకటి లేదు.

బండి ఆగింది. లచ్చుమవ్వ దిగింది. ఓబుళరెడ్డి తలుపు దగ్గర పక్కకు తప్పుకుని, "నువ్వు ముందు దిగన్నా," అన్నాడు. వెనక జనం తోసుకుంటున్నారు, గార్డు ఈల వేశాడు. నేను కదల్లేదు. పెద్దవాడు దిగిన తరవాతే దిగాను.