ఎర్ర చమురు

హైటెక్ సిటీ భవనం కొత్తగా లేస్తున్న రోజులు. దవాఖానకు పోదామని గోపన్‌పల్లిలో ఎంతసేపు నిలబడ్డా బస్సు రాలేదు. మా ఆయనకు ఆయాసం ఎక్కువై పెదవులు నీలంగా మారుతుంటే, ఎవరో ఒకతను కారు ఆపి ఎక్కించుకున్నాడు. క్లచ్ లేని, గేర్లు వాటంతటవే మారే విదేశీ కారు. కొండాపూర్ ఎత్తు మీద అది వేడెక్కి మొరాయించింది.

అతను దిగి కారు కింద పేపరు పరిచాడు. చుక్కలు పడ్డాయి.

"నీళ్లు కావండి, ఎర్రగా ఉంది. గేర్ల నూనె కారుతోంది."

బానెట్ ఎత్తి కాసేపు చల్లారనిచ్చి, నూనె చూసే కడ్డీ బయటికి తీశాడు. మాడు వాసన నాకూ తగిలింది.

"ఇగ నడవదా, బిడ్డా?"

"చల్లారింది కదండీ, కొంచెం దూరం నడుస్తుంది. కానీ నడిపితే గేరుబాక్సు మిగలదు."

వెనక సీట్లో మా ఆయన ఊపిరి ఈల వేస్తోంది. అతను అటు చూశాడు. కడ్డీ తుడిచి లోపల పెట్టి, వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

పగలు దీపం వెలిగితేనే కసిరే మనిషిని నేను. ఒకరి వస్తువు పాడవుతుంటే వద్దనాలి. కానీ వెళ్లి మా ఆయన పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాను.

దవాఖాన గేటు దగ్గర దిగాం. మా ఆయనను నడిపించుకుపోతూ వెనక్కి చూశాను. ఇంజను మోగుతోంది కానీ కారు కదలడం లేదు. అతను నన్ను చూసి, లోపలికి వెళ్లమని చెయ్యి ఊపాడు.