గోల్కొండ కింద సారవ్వ చప్పట్లు

కొత్తగా పెళ్ళై గోదావరిఖనికి కాపురానికి వచ్చినప్పుడు, మొగుడు మూగవాడేమోనని సారవ్వ అనుమానపడింది. ఉండబట్టలేక ఒకరోజు అత్తనే అడిగేసింది. "అత్తా, నీ కొడుక్కు మాటలొస్తయా?" ముసలామె వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగింది.

నర్సింగానికి మాటలు రాకేం, భేషుగ్గా వచ్చు. చాయ్ హోటల్లో, యూనియన్ మీటింగులో చక్కగా మాట్లాడతాడు. ఇంటి గడప దాటితేనే నోటికి తాళం పడుతుంది. అతని పని అలాంటిది. గనిలో హాలేజీ ఇంజను నడిపేవాడు. లోపల ఎక్కడో బొగ్గు టబ్బులను ఇనుప తాడుకు తగిలించి గంట కొడతారు, ఇక్కడ ఇతను మీట లాగుతాడు. ఒక గంటంటే ఆగు. రెండంటే లాగు. మూడంటే మెల్లగా దించు. కొట్టేవాడి మొహం కనపడదు, గొంతు వినపడదు. ఇంజను హోరులో మాటలకు చోటే లేదు. షిఫ్టంతా గంటలతోనే సంసారం. ఆ సంసారాన్ని తెచ్చి ఈ సంసారంలో కలిపేశాడు మహానుభావుడు.

కంచం అంచు మీద వేలితో రెండు కొడితే ఇంకా అన్నం పెట్టమని. ఒకటి కొడితే చాలని. మూడు కొడితే చారు మెల్లగా పోయమని. బజారులో ఆమె వెనకబడితే రెండు చప్పట్లు, జల్ది రమ్మని. కాలనీ అంతా గంట నర్సింగం అని పేరు పెడితే, అదేదో బిరుదు ఇచ్చినట్టు మురిసిపోయాడు. సారవ్వకు మాత్రం ఒళ్ళు మండేది. పిల్లలు బడికి పోయే వయసు వచ్చినా, ఆయన నోటి నుంచి తన పేరు ఒక్కసారి విన్న పాపాన పోలేదు.

ఇంట్లో అతను గొంతెత్తింది ఒకే ఒక్కసారి. చిన్నకొడుకు ఖాళీ కంచాన్ని గరిటెతో ఆగకుండా టకటకా వాయిస్తుంటే, మొహం పాలిపోయి, కంచం లాక్కుని, "గట్ల కొట్టద్దురా!" అని అరిచాడు. ఆపకుండా కొట్టే గంట గనిలో ప్రమాదానికి గుర్తట. ఎవరి ప్రాణం మీదికో వచ్చిందన్నమాట. ఆ సంగతి సారవ్వ అప్పుడే మనసులో పెట్టుకుంది.

తొంభై ఒకటో సంవత్సరం చలికాలంలో టూరు సెలవు పెట్టి, పిల్లలను ముసలామెకు అప్పగించి, హైదరాబాదు చూడటానికి బయల్దేరారు. తోడుగా పక్క క్వార్టరు అస్గర్, అతని భార్య షహజాదీ బేగం. అస్గర్ మెకానిక్కు. హైదరాబాదులో అతనికి చుట్టాలున్నారు కాబట్టి తిండికీ పడకకూ ఫికర్ లేదు.

మొదట మ్యూజియం చూశారు. అక్కడొక పెద్ద గడియారం ఉంది. గంట అయ్యేసరికి లోపలి నుంచి బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టి పోతాడు. అది చూడటానికి తిరునాళ్ళంత జనం. నర్సింగం ముందుకు పోవడానికి జనంలోంచి దూరుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఒంటిగంట అయింది. బొమ్మ మనిషి ఠంగుమని ఒకటి కొట్టాడు. నర్సింగం ఉన్నపళంగా బిగుసుకుపోయాడు. అతని వెనక వస్తున్న లావుపాటి పెద్దమనిషి అతని వీపుకు గుద్దుకున్నాడు, ఆ పెద్దమనిషికి ఇంకొకాయన గుద్దుకున్నాడు. బొమ్మ ఎవరికీ కనపడలేదు గానీ తిట్లు మాత్రం అందరికీ వినపడ్డాయి. సారవ్వ పడీ పడీ నవ్వింది.

ఆ నవ్వు చార్మినార్ దాకానే నిలిచింది. అక్కడ షహజాదీతో కలిసి గాజుల దుకాణంలో కూర్చుని మణికట్టుకు ఎర్రగాజులు ఎక్కించుకుంటుంటే, వీధి మొదట్లోంచి రెండు చప్పట్లు వినపడ్డాయి. సారవ్వ లేవలేదు. మళ్ళీ రెండు. గాజులాయన తల బయటికి పెట్టి చూసి, షహజాదీని ఉర్దూలో ఏదో అడిగాడు. షహజాదీ కిసుక్కుమన్నది.

"ఏమంటుండే?" అని అడిగింది సారవ్వ.

"ఏం లేదక్కా."

"చెప్పు."

"గా అన్న ఎవర్ని పిలుస్తుండు, కోళ్ళనా అంటుండు."

దుకాణంలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. సారవ్వకు తల కొట్టేసినట్టయింది. గోల్కొండకు పోయే సిటీ బస్సులో ఆడవాళ్ళ సీటులో కూర్చుని షహజాదీ చెవిలో చెప్పింది. "చెల్లె, రైలెక్కేలోపట ఆ నోట్లకెళ్ళి నా పేరు ఇనాలె. ఇనకపోతె ఇగ ఈ జన్మల ఇనేది లేదు."

"ఎట్ల ఇంటవక్కా? గాయన నోరు తెరిసుడు గా కోట తలుపులు తెరిసుడే!"

ఆ కోటే దారి చూపించింది. గుమ్మం లోపల గుమ్మటం కింద నిలబడి గైడు ఒకసారి చప్పట్లు చరిచాడు. ఈ చప్పుడు గుట్ట కొసన ఉన్న రాజుగారి మహలు దాకా పోతుందనీ, కావలివాళ్ళు ఇలాగే కబురు పంపేవాళ్ళనీ ఉర్దూలో చెప్పాడు. షహజాదీ తెలుగులో చెబుతుంటే నర్సింగం కళ్ళు మెరిశాయి. చార్మినార్ దగ్గర కూడా ఇంత సంబరపడలేదు.

"అస్గరూ, ఇది అచ్చం మన గంటే! గా రాజు దగ్గర హాలేజీ తెలిసినోడు ఎవడో ఉన్నడు!" అన్నాడు. తర్వాత పక్కనే నిలబడ్డ పెళ్ళాం వైపు చూడకుండానే, "మనం పైకి పోయి ఇందాం. ఆమెను కిందనే ఉండి కొట్టుమను," అన్నాడు.

అస్గర్ ఇబ్బందిగా ఇటు తిరిగాడు. "వదినె, అన్న ఏమంటుండంటే..."

"ఇన్నతియ్. నాకు చెవులున్నయ్," అంది సారవ్వ. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఎలాగూ ఎక్కలేదు. మగవాళ్ళిద్దరూ మెట్ల వైపు వెళ్ళాక గైడును అడిగించింది. "పైనుంచి కొడితే కిందికి ఇనిపిస్తదా?"

వినపడదన్నాడు గైడు. కబురు కింది నుంచి పైకే పోతుందట.

సారవ్వ ఆ మాటను నోట్లో బెల్లం ముక్కలా కాసేపు చప్పరించింది. ఇన్నేళ్ళూ ఆయన కొట్టాడు, తను కదిలింది. ఇప్పుడు గంట తన చేతికి వచ్చింది, తిరిగి కొట్టే వీలు ఆయనకు లేదు.

పైన ఏం జరిగిందో తర్వాత అస్గర్ కథలు కథలుగా చెప్పాడు. ఎక్కి, ఆయాసం తీర్చుకుంటుండగా రెండు చప్పట్లు వినపడ్డాయట. ఎంతమంది కొడుతున్నా సారవ్వ చప్పట్లను నర్సింగం ఇట్టే పట్టేశాడట. "మనామెనే! లాగు అంటుంది," అని నాలుగడుగులు వేశాడట. వెంటనే ఒకటి. ఆగాడు. మళ్ళీ రెండు. కదిలాడు. మళ్ళీ ఒకటి. చుట్టూ ఉన్న జనం ఈయన కవాతు చూసి నవ్వుతుంటే, ఈయన మాత్రం డ్యూటీలో ఉన్నంత శ్రద్ధగా చేశాడట.

కింద సారవ్వ చేతులు దులుపుకుని, కొంగు నడుముకు బిగించి, ఆగకుండా కొట్టడం మొదలుపెట్టింది. టపటపటపమని వాన కురిసినట్టు కొట్టింది. "అక్కా, ఏందిది?" అని షహజాదీ అంటున్నా ఆపలేదు. అక్కడికి విహారానికి వచ్చిన బడిపిల్లలు ఇదేదో ఆట అనుకుని వాళ్ళూ అందుకున్నారు. గుమ్మటం అదిరిపోయింది.

ఎర్రగాజులు మోచేతి దాకా జారాయి. అప్పుడు వినపడింది, మెట్ల మీది నుంచి, గాలిలో సన్నగా.

"సారవ్వా!"

ఆమె చేతులు ఆగిపోయాయి. పిల్లలు కూడా ఆపేశారు.

"అక్కా, అన్ననే! నిన్నే పిలుస్తుండు, పలుకు!"

"ఉండు," అంది సారవ్వ.

"సారవ్వా! ఓ సారవ్వో!" ఈసారి గుట్ట నడుమ నుంచి వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. మెట్ల మీద జనం తప్పుకుంటున్నారు. షహజాదీ ఆమె భుజం పట్టి కుదిపింది. "మనిషి పడిపోతడక్కా, పలుకరాదూ!" సారవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాతి అరుగు మీద కూర్చుంది. పిలుపు ఇంకోసారి వచ్చింది, ఇంకా దగ్గరగా. ఆ తర్వాత మరోసారి.

నర్సింగం వచ్చి పడ్డాడు. ఒక కాలికే చెప్పుంది. భుజం మీది తువ్వాల ఎక్కడో పోయింది. మోకాలు కొట్టుకుని పంచెకు నెత్తురు అంటింది. నిక్షేపంలా కూర్చున్న పెళ్ళాన్ని చూసి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"ఏమైంది?"

"ఏం కాలె."

"మరి గట్ల కొట్టినవ్?"

ఆయన సారవ్వ మణికట్టును రెండు చేతులా పట్టుకున్నాడు. టన్నుల బొగ్గును లాగి ఆపే చేతులు అవి. అవి తనను ఇలా పట్టుకోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆమెకు ఏడుపొచ్చింది. "తప్పయింది," అని పక్కన కూలబడి, పదిమందీ చూస్తుండగానే కొంగుతో ఆయన మొహం తుడిచింది.

ఇక అందుకున్నాడు నర్సింగం. గంటతో పరాచికాలాడుతారా అన్నాడు, పానం పోయిందనుకున్న అన్నాడు, ఇల్లు యాదికొచ్చింది, పిల్లలు యాదికొచ్చిన్రు అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అన్ని మాటలు ఆమె ఏ రోజూ వినలేదు. తిట్లే అయినా చెవులప్పగించి వింది. ఊపిరి అందక ఆగి, చివరికి నిష్ఠూరంగా అడిగాడు.

"గొంతు చినిగేటట్టు మొత్తుకుంట వస్తుంటె ఒక్కపారన్న పలుకకపోతివి. ఇనపడలేదానె?"

"మొదటిదే ఇనపడ్డది," అంది సారవ్వ. "పలికితె పిలుసుడు బంద్ జేస్తవని పలుకలె."