రాలేదని చెప్పిన సీటు

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొద్దున మా స్కూలు గేటు దాటగానే అది వచ్చి భుజం మీద కూర్చుంటుంది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి చేరినా దిగదు. మా ఆయనకు చెప్పలేదు, అక్కకు చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. పైగా విసుగొచ్చింది. ఒక తప్పు చేయడానికి పట్టింది పది రోజులు. దాన్ని దాచడానికి పడుతున్న చాకిరీకి అంతూ పొంతూ లేదు.

నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద మా స్కూలు. ప్రైవేటుది. పన్నెండో తరగతి దాకా ఉంది, హాస్టలుంది. నేను ఇంగ్లీషు చెబుతాను. పదేళ్ళ కిందట మా కరస్పాండెంట్ గారు, అంటే స్కూలు యజమాని, ఏదో మీటింగుకు వెళ్ళొచ్చి, మన పిల్లలు కూడా పెద్ద పెద్ద యూనివర్సిటీలకు పోవాలన్నారు. ఇంగ్లీషొచ్చు కదా అని ఆ పని నా తలకు చుట్టారు. గోడకు 'ఉన్నత విద్యా మార్గదర్శక కేంద్రం' అని బోర్డు తగిలించారు. కేంద్రం అంటే ఏమీ లేదు. స్టాఫ్‌రూమ్ పక్క గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక బీరువా, నేను.

దరఖాస్తు పెట్టాలంటే ప్రతి పిల్లకూ ఒక మెయిల్ ఉండాలి. హాస్టల్లో ఫోన్లు నిషేధం. ఇళ్ళల్లో చూసి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకని అందరి మెయిళ్ళూ నేనే తెరిచి, పాస్‌వర్డులన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసి, బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది మా పద్ధతి. అప్పట్లో నాకు అలా అనిపించలేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉండేది. ఇంతమంది పిల్లల భవిష్యత్తు నా బీరువాలో ఉందని.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవరికి సీటొచ్చినా ఆ మాట ముందు కరస్పాండెంట్ గారి నోటి నుంచే బయటికి రావాలి. పొద్దున ప్రార్థన దగ్గర పిల్లను స్టేజి మీదికి పిలిచి, శాలువా కప్పి, ఫోటో తీసి, అప్పుడు చెబుతారు. ఆ ఫోటో ఫ్లెక్సీ మీదికి వెళుతుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దరఖాస్తులు పంపేటప్పటికే ఆయన ఫ్లెక్సీ తయారు చేయించి పెట్టుకునేవారు, మొహాలు అతికించాల్సిన చోట గుండ్రాలు ఖాళీగా వదిలి.

ఆ అమ్మాయి పేరు కరుణ అనుకోండి. అసలు పేరు వేరే. ఇందుకూరుపేట దగ్గర ఒక ఊరు. వాళ్ళ నాన్న ఎవరివో రొయ్యల గుంటల దగ్గర మేత వేసే పని చేసేవాడు. అమ్మ రొయ్యలు ఒలిచే కంపెనీకి పోయేది, ఆదివారాలు చర్చిలో పాటలు పాడేది. పదో తరగతిలో కరుణకు వచ్చిన మార్కులు చూసి, ఫ్లెక్సీకి పనికొస్తుందని మావాళ్ళే ఊరికే చేర్చుకున్నారు.

ఉత్తరాదిలో ఒక పెద్ద యూనివర్సిటీకి దాని చేత దరఖాస్తు పెట్టించాను. ఎంపికైతే చదువూ, హాస్టలూ, తిండీ అన్నీ వాళ్ళవే. తన గురించి ఒక వ్యాసం రాయాలి. మిగతా పిల్లలందరూ 'చిన్నప్పటి నుంచీ నాకు దేశసేవ అంటే ప్రాణం' అని ఒకే మూసలో రాసుకొచ్చి నా ప్రాణం తీస్తే, ఈ పిల్ల వాళ్ళ నాన్న గుంటలో నీళ్ళు వేలితో తీసి నాలుక మీద వేసుకుని, ఈ పూట రొయ్యలు మేత తినవని చెప్పడం గురించి రాసింది. ఆ నాలుకకు తెలిసిందేమిటో తనకు తెలియాలట. అందుకే నీళ్ళ గురించి చదవాలట. దిద్దుదామని పెన్ను తీసి, మళ్ళీ మూత పెట్టేశాను. నా ఉద్యోగంలో ఎర్ర సిరా తగలకుండా తిరిగిచ్చిన కాగితం అదొక్కటే.

ఏప్రిల్లో ఒక పొద్దున కరుణ మెయిలుకు ఉత్తరం వచ్చింది. సీటిచ్చారు. అన్నీ వాళ్ళే భరిస్తామన్నారు. పది రోజుల్లోపల అంగీకారం తెలపాలి, తల్లిదండ్రుల సంతకంతో. రెండుసార్లు చదివాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీలోంచి చూస్తే మైదానానికి అవతల హాస్టలు వరండాలో కరుణ తల దువ్వుకుంటూ కనిపిస్తోంది. ప్రవేశ పరీక్షల కోచింగ్ అని పన్నెండో తరగతివాళ్ళను ఇంకా ఇళ్ళకు పంపలేదు.

పిలిచి ఉండొచ్చు. చేయి ఊపినా చాలు, పరిగెత్తుకొచ్చేది.

కానీ కరస్పాండెంట్ గారు ఊళ్ళో లేరు, వారం దాకా రారు. ముందు ఆయనకు చెప్పకుండా పిల్లకు చెప్పానని తెలిస్తే చీవాట్లు. పది రోజులుంది కదా అనుకున్నాను. ఈలోపు కింద బస్సు హారన్. వేసవి వస్తే మా పంతులమ్మలకు ఇంకో ఉద్యోగం ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది. స్కూలు బస్సులో ఊరూరూ తిరిగి, కరపత్రాలు పంచి, మా స్కూల్లో మీ పిల్లల్ని చేర్పించండని గడపగడపా అడుక్కోవాలి. ఇన్ని చదువులు చదివి, మిట్టమధ్యాహ్నం కుక్కలు మొరుగుతుంటే ఎవరి వాకిట్లోనో నిలబడి మా హాస్టల్లో చికెన్ ఎన్నిసార్లు పెడతారో చెప్పుకోవాల్సిన ఖర్మ. బీరువాకు తాళం వేసి బస్సెక్కాను.

ఇక ఆ రోజులన్నీ బస్సులోనే. మధ్యలో గుడ్ ఫ్రైడే వచ్చింది, ఆదివారం వచ్చింది. మా స్కూల్లో ఏ గడువు చెప్పినా ఆదివారాలూ సెలవులూ తీసేసి లెక్కపెట్టడం అలవాటు. ఫీజుకైనా, పరీక్షకైనా, సెలవు చీటీకైనా. లోకమంతా అలాగే లెక్కపెడుతుందనుకున్నాను. ఇంగ్లీషు టీచర్ని. ఆ ఉత్తరంలో తారీఖు కూడా వేసి ఉంది. తారీఖు చూడలేదు, 'పది రోజులు' అన్న ముక్క మాత్రం పట్టుకున్నాను.

ఆ తారీఖు నాడు మేము ఎక్కడున్నామో తెలుసా? కరుణ వాళ్ళ ఊళ్ళో. దాని ఇంటికే వెళ్ళాం. వాళ్ళమ్మ చాప పరిచి, చెంబుతో మజ్జిగ ఇచ్చి, "మా పాపది ఏమన్నా తెలిసిందా టీచరమ్మా? దినామూ ప్రార్థన చేస్తాండాం" అంది. నేను మజ్జిగ తాగి, వస్తుందిలేమ్మా అన్నాను. పక్కింటివాళ్ళకు కరపత్రం ఇస్తూ, చూడండి, ఈ ఇంటి పిల్లను ఎక్కడికి పంపుతున్నామో అని కూడా చెప్పాను. గుర్తులేక కాదు, బాగా గుర్తుంది. వారమన్న కరస్పాండెంట్ గారి రాక ఎల్లుండికి జరిగింది, నా లెక్కలో గడువింకా ఉంది, ఎల్లుండి చెబుదామనే ధీమా. సంతకం పెట్టాల్సిన తల్లి ఎదురుగా కూర్చునే ఉంది.

ఎల్లుండి వచ్చింది. శాలువా సంగతి మాట్లాడబోయే ముందు ఒకసారి చూసుకుందామని కంప్యూటరు తెరిచాను. గడువు ముగిసిందని ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గబగబా క్షమాపణలు రాసి పంపాను, తప్పు స్కూలుదేనని, పిల్లది కాదని. మర్నాడు జవాబొచ్చింది. ఆ స్థానం వరసలో తర్వాతి విద్యార్థికి ఇచ్చేశారట. రెండే వాక్యాలు, మర్యాదగా.

రెండు ఉత్తరాలూ చెరిపేశాను. నేను పంపింది కూడా. చెరిపేసినవి పోయి పడే చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. అంత జాగ్రత్త గడువు మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆ సాయంత్రం కరుణ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మేడం, నాది ఏమన్నా తెలిసిందా?"

"తెలిసింది కరుణా. సీటివ్వలేదు."

"ఎందుకు మేడం? నేను రాసింది బాగలేదా?" అంది.

ఇక్కడ ఆగుతున్నాను. ఎందుకంటే ఇక్కడిదాకా జరిగింది పొరపాటూ, పిరికితనమూ. ఆ తర్వాత అన్నదానికి నా దగ్గర పేరు లేదు. తెలియదమ్మా అనొచ్చు. వాళ్ళు కారణాలు చెప్పరమ్మా అనొచ్చు. నేనేమన్నానంటే, "బాగానే రాశావు. కానీ వాళ్ళకు కావలసిన స్థాయి వేరు. నీ ఇంగ్లీషు కొంచెం చాలలేదు."

"నేను ఇంకా బాగా రాసుండాల్సింది. మీరు నా కోసం అంత కష్టపడినారు. సారీ మేడం" అంది.

నాకు సారీ చెప్పింది. విన్నారా? ఆ పిల్ల, నాకు.

ఎందుకన్నాను ఆ మాట? సీటివ్వలేదన్న అబద్ధం నా ఉద్యోగం కాపాడుకోవడానికి, అది అర్థమవుతుంది. ఇంగ్లీషు చాలలేదన్నది దేనికి? అది కారణం అడిగింది, నాకు కారణం కావలసొచ్చింది, ఎదురుగా అదొక్కతే ఉంది. అంతేనా? లేక, నా తప్పును నిజంగానే దాని తప్పు చేసేస్తే నాకు నిద్ర పడుతుందనుకున్నానా?

ఇన్నేళ్ళూ అందర్నీ తిట్టుకున్నాను. శాలువా పిచ్చి ఉన్న కరస్పాండెంట్ గారిని, ఆయన ఫ్లెక్సీలను, కరపత్రాలను, బస్సు డ్రైవర్ని, చివరికి పది రోజులే గడువిచ్చిన ఆ యూనివర్సిటీని. అందరి మీదా మండిపడ్డాక మిగిలేది మైదానం ఒక్కటే. దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. చీవాట్లకు భయపడి దాటలేదు. ఎవరైనా మీటింగులో పాస్‌వర్డుల ఊసెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి బీరువా తాళాల మీదికి పోతుంది.

కరుణ నెల్లూరులో డిగ్రీ చేసింది. ఇప్పుడు రొయ్యల రైతులు తెచ్చే నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తోంది. బాగానే ఉంది కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. సీసాల్లో నీళ్ళు పోసి, వచ్చిన అంకెలు కాగితం మీద వేసిచ్చే పని. ఎందుకలా అవుతుందో కనుక్కునే పని ఇంకెవరిదో. ప్రతి క్రిస్మస్‌కూ నాకు కేకు తెచ్చిస్తుంది. ఆ కేకు నేను తినలేను, పారేయలేను, స్టాఫ్‌రూములో పెట్టేసి వస్తాను. ఇంత కృతజ్ఞత ఎందుకు ఈ పిల్లకు? ఒక్కసారి నా మీద కోపం తెచ్చుకోరాదా? నా మీద నాకున్న చిరాకు కాస్తా దాని మీదికి మళ్ళుతుంది, అప్పుడు నా మీద ఇంకా చిరాకు వేస్తుంది.

ఇప్పుడు దాని చెల్లెలు మా దగ్గరే పన్నెండో తరగతి. మొన్న దరఖాస్తుల గురించి మాట్లాడటానికి పెద్దవాళ్ళను రమ్మంటే కరుణే వచ్చింది. చెల్లెలు తనకంటే చురుకని, లెక్కల్లో ఫస్టని మురిసిపోతూ చెప్పి, చివర్లో, "దగ్గర్లో ఏదన్నా కాలేజీ చూడండి మేడం. పెద్దవాటికి వద్దు. మా ఇంట్లో వాళ్ళకి అంత లేదని నాతోనే తెలిసిపోయింది గదా" అంది. నవ్వుతూనే అంది. పక్కన చెల్లెలు తలూపింది. దానికది కొత్త సంగతి కాదు, ఇంట్లో ఎన్నోసార్లు విన్నట్టే ఉంది.

ఒక సాయంత్రం నా ప్రాణం మీదికొచ్చి అన్న మాట. ఏడేళ్ళుగా వాళ్ళింట్లో అన్నం తింటూ పెరుగుతోంది.

అప్పుడైనా చెప్పానా? లేదు. నోరు తెరిచాను. అలా కాదమ్మా, పెద్దవాటికే పెడదాం అన్నాను. మెయిలు చెల్లెలి చేతే తెరిపించి, పాస్‌వర్డు నాకు చెప్పొద్దన్నాను. వాళ్ళిద్దరూ నన్ను ఇంకా గొప్పదాన్ననుకుని వెళ్ళిపోయారు. ఇదీ నేను చేసిన ఘనకార్యం.

ఉత్తరం లేదు, నేనే చెరిపేశాను. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కదాన్నే. నేను చెప్పకపోతే ఆ సీటు అసలు రానట్టే. చెబితే, తను తక్కువదని నమ్మి గడిపిన ఏడేళ్ళకు కరుణ నన్ను ఏమడుగుతుందో నాకు తెలియదు. ఏమీ అడగకుండా, పర్లేదు మేడం అంటుందేమోనని ఇంకా ఎక్కువ భయం. క్షమిస్తే తట్టుకోలేను. అందుకే మీ దగ్గర కూడా అది అడగడం లేదు.

ఇంతకాలం నా మనసులో కూడా ఈ మాట పూర్తిగా అనుకోలేదు. 'అప్పుడు జరిగింది' అనుకునేదాన్ని, 'ఆ విషయం' అనుకునేదాన్ని. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఆ అమ్మాయి గెలిచింది. సీటు పోగొట్టింది నేను. ఆమె రాసింది చాలలేదని చెప్పింది కూడా నేనే, అందులో దిద్దడానికి ఒక్క అక్షరం దొరక్కపోయినా.

రాసి, పైనుంచి ఒకసారి చదువుకున్నాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకు సిగ్గుగా ఉంది. అయినా ఆడుతోంది.