మా బావ గడియ వేసిన తీర్పు

మా బావ పనిచేసేది దేశాలు పోట్లాడుకునే చోట. తుపాకులతో కాదులెండి, కాగితాలతో. ఒక దీవి గురించో, ఒక నది గురించో నాదంటే నాదని రెండు దేశాలకు పట్టింపు వస్తే, వాటి తరఫున నల్లకోట్లవాళ్లు వచ్చి వాదించుకునే పెద్ద కోర్టు అది. అందులో బావ జడ్జీ కాదు, వకీలూ కాదు, బంట్రోతు. జడ్జీలు వస్తుంటే "అందరూ లేవండి!" అని అరవాలి. గ్లాసుల్లో నీళ్లు నింపాలి. వాళ్లు తీర్పు ఆలోచించుకోవడానికి లోపలి గదిలోకి వెళ్లగానే బయట గడియ వేసి కాపలా ఉండాలి. "తీర్పు అయింది" అని లోపలినుంచి వినపడేదాకా ఆకాశం విరిగి మీద పడ్డా గడియ తియ్యకూడదు. తను ఒక్కసారి కూడా తియ్యలేదని ఆయనకు మహా గొప్ప.

అంత చూసిన మనిషి ఇంటికొచ్చి నోరు మూసుకుంటాడా? భోజనానికి కూర్చుంటే చాలు, మొదలు.

"ఏమోయ్ మరదలా, న్యాయమంటే ఎక్కడైనా ఒకటే అనుకుంటున్నావా? పిచ్చిదానా!"

ఆ జడ్జీలు తలో దేశం నుంచీ వచ్చినవాళ్లు. ఒకాయన, కాగితం మీద ఉన్నదే న్యాయమంటాడట. ఆయనకు బావ పెట్టిన పేరు కాగితంగారు. ఒకావిడ, తరతరాలుగా ఎవరు వాడుకుంటుంటే వాళ్లదే హక్కు, కాగితం నిన్నగాక మొన్న పుట్టిందంటుందట. ఆవిడ వాడుకమ్మగారు. మూడో ఆయన చాపగారు. వాళ్ల వైపు తగాదా వస్తే ఇద్దర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, మళ్లీ కలిసి బతకడానికి ఒప్పుకునేదాకా లేవనివ్వరట. తప్పెవరిదో తేలకపోయినా ఫరవాలేదట.

"అదేం న్యాయం బావా, నా మొహంలా ఉంది?" అన్నాను.

"కాగితంగారూ అదే అడిగారు, కాస్త మర్యాదగా" అన్నాడు.

వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. అయినా ఓర్చుకున్నాను. ఆ న్యాయాన్ని తీసుకొచ్చి మా మేడ మీద పెడతాడని కలగన్నానా?

మా అక్కకీ, పక్కవాటాలో ఉండే దర్జీ వదినకీ మేడ ఉమ్మడి. బట్టల తీగా ఉమ్మడే. ఇద్దరూ ఒకే ప్రాణంగా ఉండేవాళ్లు. పొద్దున్నే అక్క రెండు కప్పుల కాఫీ కలిపితే రెండోది వదినదే. ఒకరోజు అక్క ఆరేసిన కొత్త ఎర్రదుప్పటి రంగు కారి, ఎవరి పెళ్లికో వదిన కుట్టిన తెల్లగౌను గులాబీరంగుకు తిరిగింది. వదిన రాత్రంతా కళ్లు పొడుచుకుని కూర్చుని మళ్లీ కొత్తది కుట్టాల్సి వచ్చింది. మా అక్క ఒక్క మాట, "అయ్యో, పొరపాటైంది" అంటే పోయేది. అనలేదు. "నా దుప్పటి కింద నీ గౌనుకేం పని?" అంది. మాటా మాటా పెరిగింది. నెలాఖరుకు వదిన ఇల్లు ఖాళీ చేస్తోందని ఇంటివాళ్లే చెప్పారు. ఆ తర్వాత కూడా అక్క అలవాటుగా రెండు కప్పులు కలిపేది, రెండోది చడీచప్పుడు లేకుండా తూములో పోసేసేది.

"ఇది సముద్ర సరిహద్దు కేసు. నాకొదిలెయ్యండి" అన్నాడు బావ.

సెలవురోజు మేడ మీద కుర్చీలు వేశాడు. రాకపోతే ఓడినట్టేనని బెదిరిస్తే వదిన మూతి ముడుచుకుని వచ్చింది. అధ్యక్షుడు ఆయనే. జడ్జీల సుత్తికి బదులు చేతిలో గరిటె. కానీ జన్మలో కోర్టులో కూర్చుని ఎరగడు కదా, తన కుర్చీ పక్కనే బిగుసుకుని నిలబడ్డాడు. పార్టీలు తమ తరఫున చెరో జడ్జీని పెట్టుకోవచ్చన్నాడు. మేడ మీద ఇంకెవరున్నారు? ఇద్దరూ నన్నే పెట్టుకున్నారు. అది చాలక నేరుగా మాట్లాడుకోకూడదట, అనువాదం కావాలట. ఆ పనీ నాకే తగిలించాడు.

"అందరిదీ ఒకే భాషేగా బావా!"

"ఒకే భాషైతే ఇంత గొడవెందుకైంది?"

వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"తీగ కట్టిన్నాటినుంచీ మేమే వాడుతున్నామని చెప్పు" అంది అక్క.

"వాడుకమ్మగారి వాదన! భేష్!" గరిటె మోగింది.

"అద్దె కాగితంలో మేడ సగం నాదేనని చెప్పు" అంది వదిన.

"కాగితంగారి వాదన! భేష్!"

"ఇద్దరికీ భేషేమిటండీ? మీరు నా మొగుడా, ఆవిడ వకీలా?" అక్క కస్సుమంది. "అసలు ఆవిడ మొహం చూడాలని లేదని చెప్పవే."

"వదినా, మీ మొహం చూసి చాన్నాళ్లైందంటోంది" అన్నాను.

"నాకేం చెవుడు లేదు" అంది వదిన.

దుప్పటి కారిన చోటు ప్రాదేశిక జలాల్లోకి వస్తుందా రాదా అని బావ కాసేపు గొణిగి, "ఇక తీర్పు ఆలోచించు సమయం!" అని ప్రకటించాడు. ఆ మాట నోట్లోంచి రాగానే కాళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. మెట్ల తలుపు దాటాడు, మూశాడు, అవతల గడియ వేశాడు. అధ్యక్షుడు లోపల, మేం ముగ్గురం మేడ మీద!

అప్పుడే వాన మొదలైంది. చినుకులు కాదు, కుండపోత.

"బావా, తలుపు తియ్యి!"

"తీర్పు అయిందా?"

"వాన బాబూ, వాన!"

"వానైనా పిడుగైనా రూలు రూలే!"

తీగ నిండా బట్టలు. అక్క పరుగెత్తి ముందు లాగింది మావి కాదు, వదిన కుట్టిన బట్టలు. వాటిని పొట్టకు హత్తుకుని వంగిపోయింది. వదిన ఆ మాయదారి ఎర్రదుప్పటినే లాగి ముగ్గురి నెత్తినా కప్పింది. దుప్పటి ఇంకా రంగు వదులుతూనే ఉంది. అక్క ముక్కు మీదనుంచి ఎర్రగా కారుతుంటే వదినకు నవ్వాగలేదు. వదిన చెవులు చూసి అక్కకూ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే అక్క కళ్లు నిండాయి.

"గౌను విషయంలో తప్పు నాదేనని చెప్పవే. వెళ్లొద్దని చెప్పు."

"నాకు అనువాదం రాదు. నువ్వే చెప్పు" అన్నాను.

అక్క వదిన వైపు తిరిగింది. "వెళ్లకు వదినా. నువ్వెళ్తే నేనెవరితో పోట్లాడను?"

వదిన దుప్పటి కొంగుతో అక్క మొహం తుడవబోయి ఇంకా ఎర్రగా చేసింది. "ముందు ఈ మనిషిని ఏం చేద్దామో చెప్పు. నా సంగతి తర్వాత" అంది.

వెంటనే ఇద్దరూ కలిసి తలుపు బద్దలయ్యేలా బాదారు. "తీర్పు అయింది!"

గడియ ఊడింది. గులాబీరంగు మొహాలు మూడు చూసి బావ నోరెళ్లబెట్టాడు. "ఎవరు గెలిచారు?"

"మీరు ఓడిపోయారు" అంది అక్క.

తీర్పు ప్రకారం రెండు వాటాల బట్టలూ ఇకమీదట ఆరేసేది, ఆ దుప్పటిని విడిగా ఉతికేది ఆయనే. మర్నాడు పొద్దున పళ్ల మధ్య క్లిప్పులు కరిచిపట్టుకుని మేడ మీదనుంచి కేక వేశాడు. "దీని మీద అప్పీలు లేదా?"

"లేదు!" అంది దర్జీ వదిన, మా వంటింట్లో రెండో కప్పు అందుకుంటూ.