అన్నయ్యది ఎర్రసేన, మా ఆయనది నీలిసేన

మా అన్నయ్య పళ్ళసెట్లు తయారుచేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చుల్ని ముందు పెట్టుకుని, మైనం పోసి, గీకి, నునుపు చేసి, పళ్ళు వరసగా అమరుస్తాడు. అవి ఎవరి నోట్లోకి వెళ్తాయో అతనికి తెలియదు. పనిచేసే గది ఆసుపత్రి వెనకవైపు, అక్కడికి రోగులెవరూ రారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కుదర్లేదమ్మా" అంటాడు, బస్సు దొరకలేదన్నంత తేలిగ్గా.

నా పెళ్ళి వల్ల అందరికంటే ఎక్కువ లాభపడింది అన్నయ్యే. అతనికో శత్రువు దొరికాడు.

ఇద్దరికీ యుద్ధాల ఆటల పిచ్చి. బల్లంత పటం, దాని నిండా ఆరు మూలల గళ్ళు, వాటి మీద గోరంత అట్టముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో దళం. అన్నయ్యది ఎర్రసేన, మా ఆయనది నీలిసేన. ప్రతి శనివారం మధ్యాహ్నం అన్నయ్య గదిలో మొదలెట్టేవారు. ఫ్యాను వేస్తే రెండు సైన్యాలూ గాలికి లేచిపోతాయని చెమటలు కక్కుకుంటూ కూర్చునేవారు. ముక్కలు పోతే అన్నయ్య పళ్ళసెట్ల ప్లాస్టిక్‌తోనే కొత్తవి చేసిపెట్టేవాడు. చివరికి ఎర్రసేనలో సగం చిగుళ్ళ రంగుకి తిరిగింది.

ఆట కంటే పోట్లాటే ఎక్కువ. వంతెన కూలిపోతే అవతలి ఒడ్డునున్న దళానికి తిండి అందుతుందా లేదా అన్న దాని మీద ఓసారి రెండు శనివారాలు మాటలు మానేశారు. "బావా, రూల్సు పుస్తకం చూడు!" అని ఈయన, "నువ్వే చూసి చావు బావా!" అని అతను. మా ఆయనకి వెనక్కి తగ్గడం చేతకాదు. చుట్టూ ఎర్రసేన ముసురుకున్నా ముందుకే దూకి, ఉన్నదంతా పోగొట్టుకుని, ఆ పైన పాచికల్ని బూతులు తిట్టేవారు. అన్నయ్య కడుపు పట్టుకుని నవ్వేవాడు. అతను అంత గట్టిగా నవ్వడం నేను ఆ బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత మా ఆయనకి బదిలీ అయింది. ఊరు మారాం. అదే ఆట కంప్యూటర్లో కూడా వచ్చిందని తెలిసి, వెళ్ళేముందు అన్నయ్య కంప్యూటర్లోనూ మా దాంట్లోనూ ఎక్కించారు. ఒకరు తమ వంతు ఆడితే రెండోవాళ్ళ తెర మీదికి వస్తుంది. లెక్కలన్నీ అదే చూసుకుంటుంది. తప్పు గడిలో పెడదామన్నా పెట్టనివ్వదు. రూల్సు పుస్తకం అవసరమే లేదు.

"ఎలా ఉంది అన్నయ్యా?" అని అడిగాను.

"బ్రహ్మాండంగా ఉంది. పోట్లాడ్డానికే ఏమీ లేదు."

ఆదివారం పొద్దున మా ఆయన ఫోన్ చేసేవారు. ఆ వారం యుద్ధమంతా ఇద్దరూ మళ్ళీ నోటితో ఆడుకునేవారు. అన్నయ్య ఆ ఫోను కోసమే వారమంతా బతుకుతున్నాడని అతని గొంతులోనే తెలిసిపోయేది. నేను ఫోన్ చేస్తే మాత్రం "ఊఁ", "ఆఁ" తప్ప రాలవు.

కొత్త ఆఫీసులో మా ఆయనకి ఊపిరి సలపని పని. ఓ రోజు ఆయన స్నానాల గదిలో పళ్ళు తోముకుంటున్నారు. ఇక్కడ తెర మీద నీలిసేన దానంతటది కదులుతోంది! పైగా బుద్ధిగా వెనక్కి తగ్గుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమిటండీ ఇది? ఎవరాడుతున్నారు?"

నురగ నోటితోనే వచ్చి నసిగారు. మన తరఫున కంప్యూటర్నే ఆడమనే సదుపాయం ఉందట. టిక్కు పెడితే చాలట. పెట్టి చాలా రోజులైందట.

"అన్నయ్యతో చెప్పారా?"

"చెప్తే బాధపడతాడే. ఇప్పుడు హాయిగా ఆడుకుంటున్నాడుగా. నాకు కాస్త ఊపిరాడాక నేనే ఆడతాన్లే."

ఆయన చెడ్డమనిషి కాదు, అదే నా ఖర్మ. చెడ్డమనిషైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అన్నయ్యకి నిజం తెలిస్తే ఏమైపోతాడోనని భయమేసింది. అతనికి ఈ లోకంలో ఎదురుగా కూర్చునే మనిషి ఈయనొక్కరే. ఆ మనిషీ లేడని నా నోటితో ఎలా చెప్పను? ఆదివారాలు ఈయన ఆడని ఆట గురించి కల్పించి మాట్లాడుతుంటే, ఎక్కడ దొరికిపోతారోనని చెవులు రిక్కించి వినేదాన్ని.

మొన్నటి ఆదివారం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, ఫోన్ స్పీకర్లో పెట్టి, "ఏం బావా! మొత్తానికి కోట లాగేసుకున్నావ్! నిన్న నన్ను చితక్కొట్టేశావ్ పో!" అన్నారు.



"ఏదో బావా, కలిసొచ్చింది" అన్నాడు అన్నయ్య.

ఆ గొంతు నాకు నచ్చలేదు. వెళ్ళి తెర చూశాను. కోట మీద ఉన్నది నీలిజెండా. చుట్టుపక్కల ఎర్రసేన దళం ఒక్కటీ మిగల్లేదు. ఆట ముగిసిందని కూడా రాసుంది. ఓడిపోయింది అన్నయ్య. మా ఆయన తెర వంక కూడా చూడకుండా, ఎప్పటిలా అన్నయ్యే గెలిచుంటాడనుకుని మెచ్చుకుంటే, అన్నయ్య కాదనలేదు.

వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఫోన్ చేశాను.

"అన్నయ్యా, నీకు తెలుసు కదూ?"

"ఏంటి?"

"నా దగ్గర నటించకు."

నిట్టూర్చాడు. "ఎప్పుడో తెలుసమ్మా. మీ ఆయన అంత తెలివిగా ఏనాడు ఆడాడు?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మరి ఇన్నాళ్ళూ అడగవేం? నాలుగు దులపొచ్చుగా?"

"అడిగితే సిగ్గుపడి ఆట మానేస్తాడు. ఆట మానేస్తే ఇంక ఫోనెందుకు చేస్తాడు?"

"నేను చేస్తాగా!"

"చేస్తావు. తిన్నావా అని అడుగుతావు" అన్నాడు అన్నయ్య. "బావతో ఏమీ అనకు. వచ్చే ఆదివారం చెయ్యమను."