ఆగితే దిగే గంగులయ్య

గంగులయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, సిగరెట్టు వాసన గిట్టదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. బండి ఆగితే దిగిపోతాడు. ఆగడమంటే సిగ్నల్ దగ్గర ఆగడం కాదు. నేర్చుకునేవాళ్ళు క్లచ్ తొందరపడి వదిలేస్తే బండి ఒక్క కుదుపు కుదిపి ఇంజను నోరు మూసుకుంటుంది చూడండి, ఆ ఆగడం. అది జరిగిందో లేదో, "హ్యాండ్ బ్రేక్ ఎయ్యి, ఇప్పుడే వస్తా" అని తలుపు తీసుకుని దిగి, వెనక బండి దగ్గరికి నడిచి వెళ్తాడు. చేతిలో ఒక వేరుశెనగ ఉండ ఉంటుంది.

రాయచోటి పక్కనుంచి కువైట్ వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. పదకొండేళ్ళుగా రిగ్గైలో డ్రైవింగు నేర్పడమే ఆయన పని. నెత్తిన బోర్డు పెట్టుకున్న ఆ తెల్ల గేరు బండికి ఎంత వయసుందో ఆయనకూ గుర్తు లేదు. శుక్రవారం పొద్దున్నే గదిలో అందరూ ముసుగుతన్ని పడుకుంటే ఆయన స్టవ్ ముందు కూర్చుని బెల్లం పాకం పడతాడు. వారానికి రెండొందల ఉండలు. శిష్యుల తెలివిని మార్కులతో కొలవడు, ఉండలతోనే కొలుస్తాడు. "నిన్న పదకొండు పోయినాయి, ఈ పొద్దు ఏడే పోయినాయి" అన్నాడంటే శిష్యుడు బాగుపడుతున్నట్టు లెక్క.

ఫింటాస్‌లో ఉండే హైదరాబాదు ఇంజనీరు అనంతరామ్, అమ్ఘరాలో కంపెనీ పికప్పు నడపాల్సి వచ్చి ఈయన దగ్గర చేరాడు. మొదటిరోజే క్లచ్ ఎలా పనిచేస్తుందో కాగితం మీద బొమ్మ వేసి గురువుకే పాఠం చెప్పాడట. గంగులయ్య శ్రద్ధగా విని, బొమ్మ బాగుందని మెచ్చుకుని, బండి తీయమన్నాడు. ఒకే సిగ్నల్ దగ్గర తొమ్మిదిసార్లు ఆగింది. తొమ్మిదిసార్లూ వెనక ఉన్నది అదే నీళ్ళ ట్యాంకరు. దాని పఠాన్ డ్రైవరు నాలుగు ఉండలు తిని, ఐదోదానికి తనకు షుగరుందని చేతులెత్తేశాడట. అనంతరామ్ ఆ కాగితాన్ని మళ్ళీ జేబులోంచి తీయలేదు.

ఇలాంటి గంగులయ్య దగ్గరికి వచ్చి పడింది వెంకటేశ్వరి. చిట్వేలు మనిషి, నలభై ఒకటో ఏడు. రిగ్గైలోనే ఒక కువైటీ ఇంట్లో పద్నాలుగేళ్ళుగా వంట చేస్తోంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు గనక ఇకనుంచి ఇంట్లో ఒక్క పనిమనిషి చాలని మామా, అంటే ఆ ఇంటావిడ, తేల్చేసింది. ఉన్నది ఇద్దరు. కాకపోతే ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది, మామాకు అత్తగారు. పనివాళ్ళంతా మామా కబీరా అంటారు. రోజూ సాయంత్రం ఫింటాస్‌లో చెల్లెలి ఇంటికి టీకి వెళ్ళకపోతే ఆమెకు పొద్దు గడవదు. చనిపోయిన భర్త నడిపిన పాత గేరు బండిలో తప్ప ఇంకో దాంట్లో అడుగు పెట్టదు. ఆ బండి నడిపే మలయాళీ డ్రైవరు మోకాళ్ళ నొప్పులతో ఊరికి వెళ్ళిపోయాడు. బక్రీదు లోపల లైసెన్సు తెచ్చుకుంటే వెంకటేశ్వరే డ్రైవరు, లేకపోతే ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిటు, తీరగానే టికెట్టు చేతిలో పెడతానని మామా చెప్పేసింది. ఊళ్ళో కడుతున్న ఇంటికి గోడలు లేచాయి గానీ స్లాబు పడలేదు. వెంకటేశ్వరి సైకిలు కూడా ఎక్కి ఎరగదు.

గంగులయ్య ఆమెను ఖాళీ మైదానానికి తీసుకుపోలేదు. రెండోరోజే, స్కూళ్ళు వదిలే వేళకు, నాలుగో రింగు రోడ్డు మీదికి తోలించాడు. అక్కడ బండి నడవదు, పాకుతుంది. పది అడుగులు కదలడం, ఆగడం, మళ్ళీ పది అడుగులు. పదిసార్లు కదిలితే ఎనిమిదిసార్లు ఆమె బండి చచ్చేది. ఆయన దిగేవాడు. నాలుగు వైపులా బండ్లు, వెనక హారన్లు, పక్క సీటు ఖాళీ. మొదటి వారం ఆమెకు ఆ ఖాళీ సీటును చూస్తే ఏడుపొచ్చేది.

ఏడుపు తగ్గాక కోపం వచ్చింది. రోడ్డు మధ్యలో వదిలేసి పోవడం ఒకటి. తనకు చేతకాదని ఊరందరికీ చాటి, తన తరఫున క్షమాపణలు చెప్పుకుంటూ ఉండలు పంచుతున్నాడన్నది రెండోది. అద్దంలో చూస్తే ఆయన వంగి వంగి మాట్లాడుతుంటాడు, వెనకవాడు తల ఊపుతుంటాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అన్నా, నేర్పేటోడివి పక్కనుండి చెప్పల్ల గదా. బండి ఆగినబ్బుడే దిగిపోతే ఎట్లా?"

"నేను పక్కనుంటే నువ్వు నా మొగం చూస్తావు మ్మా. నా మొగంలో గేర్లు ల్యావు."

ఆమెకు ఆ జవాబు తలతిక్కగా తోచింది. గంగులయ్య చెప్పేవన్నీ అలాగే తోస్తాయి. అరగడానికి టైము పడుతుంది.

ఒక సంగతి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. వెనక బండ్లవాళ్ళు పక్కనుంచి దాటిపోతూ ఆమెను చూసి నవ్వేవాళ్ళు కాదు. గంగులయ్యను చూసి నవ్వేవాళ్ళు. హారను మీద చెయ్యి తీయని ఒక కువైటీ పిల్లగాడు కోపంగా దిగి వచ్చి, ఉండ నములుతూ వెనక్కి పోయి, దాటేటప్పుడు అద్దం దించి ఆయనకు సెల్యూట్ కొట్టి మరీ నవ్విపోయాడు. రిగ్గైలో ఆయన పేరు తెలియనివాళ్ళు కూడా 'డ్రైవింగు రాని ఉస్తాద్' అంటే ఫలానా అని చెప్పేస్తారు. పదకొండేళ్ళు డ్రైవింగు నేర్పిన మనిషికి ఆ పేరెందుకు వచ్చిందో ఆమె అడిగితే, నవ్వినందువల్ల వాళ్ళ పళ్ళకు గాలి తగులుతుందే తప్ప మనకేమీ నష్టం లేదన్నాడు.

మే నెల వచ్చింది. మధ్యాహ్నం రోడ్డు మీద చెప్పులు అంటుకుపోయే ఎండ. ఆ రోజు పద్నాలుగుసార్లు బండి ఆగింది, పద్నాలుగుసార్లూ ఆయన నెత్తిన తువ్వాలు వేసుకుని దిగాడు. చివరిసారి వచ్చి కూర్చున్నప్పుడు చెవులు ఎర్రబడి ఉన్నాయి. డబ్బాలో ఉండలు కరిగి ఒకటే ముద్దయ్యాయి. దాన్ని చూసి, ఇంక ఆగినా ఇచ్చేందుకు ఏం లేదు, ఆగకుండా నడిపేయమన్నాడు. వెంకటేశ్వరి కోపమంతా ఆ చెవులు చూశాక పోయింది. ఆనాటినుంచి ఆమె పట్టుదల లైసెన్సు కోసం కాదు. ఆయన్ను ఎండలో దింపకూడదు, అంతే. క్లచ్ మీద కాలు దానంతటదే నెమ్మదించింది. ఉండలు తొమ్మిదికి దిగాయి, నాలుగుకు దిగాయి, ఒకరోజు ఒక్కటే పోయింది.

పరీక్షరోజు గంగులయ్య గేటు బయటే ఆగిపోయాడు. ఎందుకైనా మంచిదని కాగితంలో చుట్టి ఒక ఉండ ఆమె చేతిలో పెట్టాడు. లోపల ఆమె పక్కన కూర్చున్నది తెల్ల యూనిఫారంలో ఉన్న ఆఫీసరు. అంతా బాగానే పోయింది గానీ, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించే చోట క్లచ్ తొందరపడి వదిలేసింది. బండి ఒక్క కుదుపు కుదిపి చచ్చింది.

వెంకటేశ్వరి హ్యాండ్ బ్రేక్ వేసింది. వేసి, అలవాటుగా ఆఫీసరు తలుపు వైపు చూసింది. ఆయన దిగలేదు. ఒక్క క్షణం చూసింది, అయినా దిగలేదు. అప్పుడు వెలిగింది ఆమెకు. ఆయన దిగినా దిగకపోయినా తనకేం తేడా లేదు. ఇన్ని నెలలుగా ఇంజను ఆగిన ప్రతిసారీ మళ్ళీ లేపింది తనొక్కతే. ఖాళీ సీటు పక్కన, ఇంతకన్నా పెద్ద హారన్ల మధ్యన. గేరు న్యూట్రల్‌కు తెచ్చింది, తాళం తిప్పింది, క్లచ్ నొక్కి ఫస్టు వేసింది, నిద్రపోయే బిడ్డ తల కిందినుంచి చెయ్యి తీసినంత మెల్లగా కాలు వదులుతూ హ్యాండ్ బ్రేక్ దించింది. బండి ఎత్తు ఎక్కింది.

బండి ఆగగానే చాలామంది నా మొహం చూస్తారు, నువ్వు తలుపు చూశావేమని ఆఫీసరు అడిగాడు. మీరు దిగుతారనుకున్నానని ఉన్నమాట చెప్పింది. ఆయన కాగితం మీద సంతకం పెడుతూ నవ్వాపుకోలేకపోయాడు. గేటు బయట గంగులయ్య పాసా ఫెయిలా అని అడగలేదు. ఉండ పోయిందా మిగిలిందా అని అడిగాడు. ఆమె జేబులోంచి తీసి చూపించి, ఆయన ముందే తినేసింది.

బక్రీదు పోయింది. ఇఖామా తిరగరాశారు. సెప్టెంబరులో ఒక సాయంత్రం మామా కబీరాను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెంకటేశ్వరి ఫింటాస్ బయల్దేరింది. నాలుగో రింగు రోడ్డు మీద మామూలు పాకుడే. ముందు, నెత్తిన బోర్డు పెట్టుకున్న తెల్ల బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. కుడివైపు తలుపు తెరుచుకుంది.

తువ్వాలు నెత్తిన వేసుకుని, నేల చూపులు చూస్తూ వచ్చాడు గంగులయ్య. అద్దం దగ్గర వంగి, తలెత్తకుండానే, వేలసార్లు అప్పజెప్పిన పాఠం అరబ్బీలో అందుకున్నాడు.

"అనా గల్తాన్. తప్పు నాది. నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకుంది, దాన్ని నేనే తొక్కేసినాను. నడిపే ఆమె తప్పేమీ లేదు, ఆమె చాలా బాగా నడుపుతుంది."

వెంకటేశ్వరి అద్దం పూర్తిగా దించింది. ఇదా ఆయన అందరికీ చెప్పింది? ఆ పఠాన్‌కూ, ఆ సెల్యూట్ పిల్లగాడికీ, మే నెల ఎండలో పద్నాలుగు మందికీ ఇదేనా? డ్రైవింగు రాని ఉస్తాద్ అన్న పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆయన తలెత్తి, ఆమెను గుర్తుపట్టి, నాలుక కరుచుకున్నాడు.

వెనకనుంచి చెయ్యి చాపి మామా కబీరా ఆ ఉండ అందుకుంది. కొరికి, బాగుందని తల ఊపి, కాలు అదుపులో లేని ఇలాంటివాడి చేతిలో పడకుండా నేర్చుకున్నావు, నీ అదృష్టం బాగుందంది. గంగులయ్య నిజమేనన్నట్టు తలూపాడు. వెంకటేశ్వరికి అది భరించరానిదయింది.

"మామా, నాకు నేర్పింది ఈయనే. ఆ బ్రేకు మీద ఈయన ఏనాడూ కాలు పెట్టలేదు. ఆగిన ప్రతిసారీ ఆపింది నేనే."

ముసలావిడ నమలడం ఆపి ఆయన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఇంతలో ముందు బండి గుర్రుమని లేచి, గురువు లేకుండానే కదిలి, సిగ్నల్ దాటి పక్కకు తీసి ఆగింది. గంగులయ్య నడిరోడ్డు మీద డబ్బాతో మిగిలిపోయాడు. మొహం మాత్రం పెళ్ళివారి మొహంలా వెలిగిపోతోంది.

"చూసినావా మ్మా, నేను ల్యాకుంటే ఎంత బాగా పోయిందో!"

వెంకటేశ్వరి పక్క తలుపు తెరిచి ఎక్కించుకుంది. నవ్వొకవైపు, కన్నీళ్ళొకవైపు. ఆ తడబాటులో క్లచ్ తొందరపడి వదిలింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. వెనక ఎవడో హారను మీద చెయ్యేశాడు. గంగులయ్య చెయ్యి అలవాటుగా తలుపు మీదికి పోయింది.

"కూచో అన్నా. హ్యాండ్ బ్రేక్ ఏసినా" అంది వెంకటేశ్వరి.

అప్పటికే వెనక అద్దం దిగింది. మామా కబీరా ఎనభై ఏళ్ళ తలను బయటికి పెట్టి, వెనకవాడికి వినబడేలా, "అనా గల్తాన్" అంది. తనే తొందరపెట్టిందట, డ్రైవరు చాలా బాగా నడుపుతుందట. చెప్పడం అయ్యాక తల లోపలికి తీసుకుని, వాడికివ్వడానికి ఇంకో ఉండ కావాలని గంగులయ్య ముందు చెయ్యి చాపింది.